పీహెచ్‌సీకి ఎన్‌క్వాస్ ధ్రువీకరణ: సాధించడం ఎలా, నిలుపుకోవడం ఎలా

శ్రీకాకుళం జిల్లాకు ఆరోగ్య బీమా కొత్త కాదు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి విడతకు ఎంపికైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, అనంతపురంతో పాటు మనదీ ఒకటి. కార్డు చికిత్స ఖర్చును భరిస్తుంది గాని, ఆ చికిత్స ఎంత జాగ్రత్తగా జరుగుతోందో చెప్పదు. అది చెప్పడానికే నాణ్యతా ధ్రువీకరణలు వచ్చాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2016లో నగదురహిత చికిత్స అందించే ఆసుపత్రులకు మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు ప్రధానంగా రెండింటిని పేర్కొంది. ఒకటి ఆసుపత్రుల నాణ్యతను పరీక్షించే ఎన్‌ఏబీహెచ్ సంస్థ ఇచ్చే ప్రవేశ స్థాయి ధ్రువీకరణ, రెండోది ప్రభుత్వ ఆసుపత్రుల కోసం రూపొందించిన జాతీయ నాణ్యతా ప్రమాణాలు, అంటే ఎన్‌క్వాస్. ఈ రెండో దానిని ఒక గ్రామీణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) ఎలా సాధించాలో, సాధించాక ఎలా నిలుపుకోవాలో స్టాఫ్ నర్సుగా, అంతర్గత మదింపు బృందంలో సభ్యురాలిగా నేను నేర్చుకున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

ఎన్‌క్వాస్‌ను కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో జిల్లా ఆసుపత్రుల కోసం తెచ్చి, తర్వాత సామాజిక ఆరోగ్య కేంద్రాలకు (సీహెచ్‌సీలకు), పీహెచ్‌సీలకు విస్తరించింది. సేవల లభ్యత, రోగుల హక్కులు, వనరులు, సహాయక సేవలు, వైద్య సేవలు, ఇన్‌ఫెక్షన్ నియంత్రణ, నాణ్యతా నిర్వహణ, ఫలితాలు అనే ఎనిమిది అంశాల కింద మన పని మొత్తాన్ని విడదీసి చూస్తారు. ప్రతి చెక్‌పాయింటుకూ సున్నా, ఒకటి, రెండు అని మూడే మార్కులుంటాయి. ఆ మార్కు వేసే ముందు మదింపుదారు కళ్లతో చూస్తారు, సిబ్బందిని అడుగుతారు, రికార్డు తిరగేస్తారు, రోగితో మాట్లాడతారు. ఈ నాలుగూ ఒకే మాట చెప్పినప్పుడే పూర్తి మార్కు వస్తుందని మొదటి రోజే సిబ్బంది అందరికీ చెప్పాలి. మొత్తం మీద 70 శాతం రావడం ఒక్కటే చాలదు, విడివిడిగా విభాగాల్లోనూ అంశాల్లోనూ కనీస మార్కులు దాటాలి. ఓపీ అద్దంలా మెరుస్తూ ప్రసూతి గది వెనకబడితే సర్టిఫికెట్ రాదు.

మొదటి పని బృందాన్ని వేసుకోవడం. మెడికల్ ఆఫీసర్ అధ్యక్షతన స్టాఫ్ నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్, ఏఎన్ఎం తప్పకుండా ఉండాలి. పారిశుద్ధ్య సిబ్బందిలో ఒకరిని కూడా సమావేశానికి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టమని నా గట్టి సలహా. ఇన్‌ఫెక్షన్ నియంత్రణ సగం వారి చేతుల్లోనే ఉంటుంది. మా దగ్గర మదింపుకు వచ్చినవారు సిరంజీని ఏ డబ్బాలో వేస్తారని అడిగినప్పుడు తడుముకోకుండా జవాబిచ్చింది మా స్వీపరమ్మే. సూదిని కట్టర్‌తో తెంపి పొడుచుకోని తెల్ల డబ్బాలో, ప్లాస్టిక్ సిరంజీని ఎర్ర సంచిలో, గాజు సీసాను నీలం డబ్బాలో, నెత్తురంటిన దూదిని పసుపు సంచిలో వేస్తామని చెప్పి, ఏ చెత్తా 48 గంటలు దాటి ఇక్కడ ఉండదని కూడా తనే కలిపింది.

బృందం కుదిరాక ప్రస్తుత స్థితిని ఉన్నదున్నట్టు కొలవాలి. చెక్‌లిస్టులు కాగితం మీద ఉన్నాయి, గుణక్ యాప్‌లోనూ ఉన్నాయి. ఈ తొలి మదింపులో మార్కులు ఉదారంగా వేసుకోవడం కంటే పెద్ద పొరపాటు లేదు, ఎందుకంటే ఇక్కడ దాచిన లోపమే జాతీయ బృందం ముందు బయటపడుతుంది. లోపాలన్నీ రాసుకున్నాక వాటిని మూడు కుప్పలు చేయండి. మనమే రూపాయి ఖర్చు లేకుండా సరిదిద్దగలిగేవి, ఆసుపత్రి అభివృద్ధి నిధితో అయ్యేవి, జిల్లా అధికారులకు రాయవలసినవి. మొదటి కుప్పే ఎప్పుడూ పెద్దదిగా ఉంటుంది. ఎమర్జెన్సీ ట్రేలో గడువు దాటిన మందు, పేరు లేని సెలైన్ స్టాండు, గోడ మీద ఎవరూ చదవని ఇంగ్లిష్ బోర్డు వంటివన్నీ అందులోకే వస్తాయి. మూడో కుప్పకు రాసిన ప్రతి లేఖ నకలునూ ఫైలులో ఉంచండి. లోపం ఉన్నా దాని మీద మనం కదిలామన్న సాక్ష్యం అదే.

ప్రసూతి గదికి ఎక్కువ సమయం కేటాయించండి. కాన్పు తర్వాత రక్తస్రావాన్ని అదుపుచేసే ఆక్సిటోసిన్ మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందా, బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి 10 యూనిట్లు ఇచ్చినట్టు కేసు షీటులో సమయంతో సహా ఉందా, నొప్పుల పురోగతిని గీసే పార్టోగ్రాఫ్ పటాన్ని కాన్పు నడుస్తుండగా నింపారా, అయిపోయాక నింపారా అన్నవి చూస్తారు. పుట్టగానే ఊపిరి అందని బిడ్డకు ఊపిరి పోసే మాస్కులు, నెలలు నిండిన బిడ్డకు 1 సైజు, నిండని బిడ్డకు 0 సైజు, రెండూ చేతికందే చోట ఉండాలి. బొమ్మ మీద ఊపిరి పోసి చూపమన్నప్పుడు నైట్ డ్యూటీ నర్సు కూడా చేసి చూపగలగాలి. ఇది మార్కుల కోసం చెప్పే మాట కాదు. 108 వచ్చేలోపు ఆ బిడ్డకు మనమే దిక్కు.

ఇక రికార్డులు. వ్యాక్సిన్లుండే ప్రత్యేక ఫ్రిజ్ (ఐఎల్‌ఆర్) ఉష్ణోగ్రతను రోజుకు రెండుసార్లు చూసి లాగ్‌బుక్‌లో రాయాలి. మా కేంద్రంలో రాష్ట్ర స్థాయి మదింపు జరిగిన రోజున ఉదయం పదకొండు గంటలకు మదింపుదారు ఆ పుస్తకం తెరిచారు. ఆ రోజు సాయంత్రం గడిలో అప్పటికే ‘4’ అని నీలి సిరాతో రాసి, కింద సంతకం కూడా చేసి ఉంది. ఆయన ఒక్క మాట అనలేదు. గోడ గడియారం వైపు చూసి, థర్మామీటరు చూసి, గత మూడు నెలల పుస్తకాలూ తెమ్మన్నారు. ఆ తర్వాత మేం చూపిన ఏ రిజిస్టరునూ ఆయన నమ్మలేదు, నిజంగా చేసిన పనులకు కూడా మాకు మార్కులు పోయాయి. అప్పటి నుంచి ఐఎల్‌ఆర్ పక్కనే దారంతో పెన్ను కట్టి, చూసిన మనిషి చూసిన నిమిషంలోనే సమయం వేసి రాయాలన్న కట్టుబాటు పెట్టుకున్నాం. రాయడం మరిచిపోతే ఆ గడి ఖాళీగానే వదిలేస్తాం. ఖాళీ గడికి ఒక్క మార్కు పోతుంది, అబద్ధపు గడికి పుస్తకమంతా పోతుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకమైనవి రెండున్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానం గ్రామాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కాబట్టి తీర మండలాల పీహెచ్‌సీలు విపత్తు ప్రణాళికను ఎక్కడి నుంచో నకలు తెచ్చి పెట్టుకోకుండా, జనరేటరుకు డీజిలు ఎన్ని గంటలకు సరిపోతుంది, కరెంటు రాకపోతే వ్యాక్సిన్లను కోల్డ్ బాక్సులో పెట్టి ఎటు తరలించాలి, నెల దగ్గరపడిన గర్భిణులను ముందే ఎక్కడికి చేర్చాలి అన్నవి పేర్లతో, ఫోన్ నంబర్లతో రాసుకోవాలి. రెండోది ల్యాబ్. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వంటి చోట్ల కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఫలితం చూసి ఒక ఇంటి బతుకే తలకిందులవుతుంది గనుక, రోజూ పరీక్షలకు ముందు, విలువ ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్ నడిపి ఆ ఫలితాన్ని నమోదు చేయడం తప్పనిసరి పనిగా చూడాలి.

అంతర్గత మదింపు, రాష్ట్ర మదింపు గట్టెక్కాక, రాష్ట్ర నాణ్యతా విభాగం ద్వారానే జాతీయ స్థాయికి దరఖాస్తు వెళుతుంది. దానితో పాటు పని విధానాల పత్రాలు, నెలవారీ సూచికలు, రోగుల సంతృప్తి సర్వే, బయోమెడికల్ వ్యర్థాలకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి వంటివి జతచేయాలి. వచ్చేవారు సాధారణంగా ఇతర రాష్ట్రాలవారు కావడంతో రోగుల మాటను మనమే అనువదించవలసి వస్తుంది. అప్పుడు రోగి బదులు మనం జవాబు చెప్పకూడదు. డబ్బులేమైనా అడిగారా అన్న ప్రశ్నకు మా వార్డులోని ముసలమ్మ ‘‘ఏటీ అడగనేదు బాబూ, కానీ రేత్తిరి దీపం నేక బయిపడ్డాను’’ అంటే ఆ రెండు ముక్కలూ అలాగే చేరవేశాం. బాత్‌రూమ్ దారిలో దీపం లేకపోవడం లోపంగా నమోదైంది, మర్నాడే బల్బు పెట్టించాం.

ధ్రువీకరణ వస్తే మూడేళ్లు చెల్లుతుంది. పీహెచ్‌సీకి ఏటా 3 లక్షల రూపాయల ప్రోత్సాహకం ఉంటుంది, అందులో 25 శాతం సిబ్బందికి, మిగిలినది ఆసుపత్రి మెరుగుదలకు. ఊళ్లలోని ఆరోగ్య ఉపకేంద్రాల మదింపును 2024 జూన్ నుంచి ఆన్‌లైన్‌లోనూ చేస్తున్నారు.

కష్టమంతా ఇక్కడి నుంచే. మొదటి రెండేళ్లూ రాష్ట్ర బృందం ఏటా పర్యవేక్షణ మదింపు చేస్తుంది, మూడో ఏడాది పునఃధ్రువీకరణకు మళ్లీ బయటి మదింపు ఎదుర్కోవాలి. ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ గోడకెక్కిన నెలలోనే నెలవారీ సమావేశాలు ఆగిపోవడం, సర్వే ఫారాలు ఒకే చేతిరాతతో నిండడం నేను చూశాను. నెలకో తేదీ ఖాయం చేసుకుని, జ్వరాల సీజనైనా టీకాల వారమైనా అరగంటైనా కూర్చోండి. గత నెల రాసుకున్న లోపాల్లో ఏది తీరింది, ఏది తీరలేదు, ఎందుకన్నది మినిట్స్‌లో రాయండి. మూడు నెలలకోసారి పక్క పీహెచ్‌సీ వారిని పిలిచి మన చెక్‌లిస్టు వారి చేత నింపించండి, మన కంటికి అలవాటైపోయిన లోపం వారికి గుమ్మంలోనే కనిపిస్తుంది. గడువు తీరడానికి ఆరు నెలల ముందే పునఃధ్రువీకరణ పని మొదలుపెట్టండి.

పునఃధ్రువీకరణలో ఎక్కువ కేంద్రాలను దెబ్బతీసేది బదిలీలని నా అనుభవం. సర్టిఫికెట్ తెచ్చిన బృందంలో మూడో ఏటికి ఇద్దరో ముగ్గురో మిగులుతారు. అందుకని వెళ్లే నర్సు మందుల స్టాకుతో పాటు నాణ్యతా ఫైలును కూడా ఛార్జి జాబితాలో రాసి అప్పగించాలి. వచ్చిన నర్సును మొదటి వారంలోనే ప్రసూతి గది చెక్‌లిస్టుతో గదంతా తిప్పి, ఐఎల్‌ఆర్ పక్కన దారానికి కట్టిన ఆ పెన్ను చూపించి, ఆ సాయంత్రపు ఉష్ణోగ్రతను ఆమె చేతనే రాయించాలి.