డాలియా దుంపని వానాకాలం దాటించడం

మన వైపు డాలియా పూలమొక్క దుంపకి గండం చలి కాదు, వాన. మంచు కురిసే దేశాల్లో నేల గడ్డకట్టక ముందే తవ్వి దాస్తారు. దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో చలికాలమే దానికి పూతకాలం. దాచాల్సింది ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. కోరాపుట్ కొండమీద ఎండ తక్కువే గాని వాన గట్టిది, అక్కడా తవ్వక తప్పదు.

పూత అయిపోయి ఆకు పసుపు తిరగ్గానే నీళ్ళు ఆపండి. పది రోజులయ్యాక కాడ అర జానెడు ఉంచి కోసెయ్యండి. మొదలుకి అడుగు దూరంలో చుట్టూ గునపం దించి మట్టి వదులు చేసి, కిందనుంచి ఎత్తండి. కాడ పట్టి లాగితే దుంప మెడ విరుగుతుంది. బంగాళాదుంపకున్నట్టు దీనికి ఒళ్ళంతా కళ్ళుండవు. కాడ మొదలూ దుంప మెడా కలిసే చోట ఆవగింజంత బొడిపె ఉంటుంది, అదే కన్ను. అది లేని దుంప ఎంత లావున్నా మొలవదు.

మట్టి కడిగి, లీటరు నీళ్ళకి రెండున్నర గ్రాముల మాంకోజెబ్ అనే బూజుమందు కలిపి 20 నిమిషాలు ముంచండి. చేతులకి తొడుగులు వేసుకోండి. తరవాత నీడలో మూడు రోజులు తలకిందులుగా ఆరబెట్టాలి. కోసిన కాడ లోపల బోలుగా ఉంటుంది, అందులో నీరు నిలిస్తే కుళ్ళు సరిగ్గా కన్ను దగ్గరే మొదలవుతుంది.

మట్టికుండలో పొడి ఇసక పోసి, దుంపలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, మళ్ళీ ఇసక కప్పండి. మూతికి పల్చటి గుడ్డ కట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దే వద్దు. రేకుల కింద అటక మీదా వద్దు, చల్లటి గదిలో పీట మీద పెట్టండి. 15 రోజులకోసారి తీసి చూడండి. మెత్తబడిన చోటు గట్టి కండ దాకా కోసి, బొగ్గుపొడి అద్దండి. ముడతలు పడితే ఇసక మీద గుప్పెడు నీళ్ళు చిలకరిస్తే చాలు. ముడతపడ్డది తేరుకుంటుంది గాని కుళ్ళింది తేరుకోదు.

సెప్టెంబరు మధ్యలో కన్ను ఉబ్బుతుంది. ముక్కకో కన్ను ఉండేలా కోసి, గాటు ఆరాక, పది అంగుళాల కుండీల్లో నాలుగంగుళాల లోతున పెట్టండి. నేలలో అప్పుడే వద్దు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడు తుపానులూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. కుండీ అయితే వరండాలోకి తెచ్చుకోవచ్చు. మొలక పైకొచ్చేదాకా నీళ్ళు పోయకండి, మట్టిలో ఉన్న చెమ్మ సరిపోతుంది.

దీపావళి దాటాక వేరు కదలకుండా నేలలోకి మార్చండి. ఊతకర్ర ముందే పాతి, దాని పక్కన మొక్క నాటాలి. తరవాత గుచ్చితే కర్ర దుంపలోకే దిగుతుంది.