స్టార్‌ను ఉంచుకోవాలా, ట్రేడ్ చేసేయాలా? ఎన్‌బీఏ జట్టు లెక్క వేసే పద్ధతి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో స్టార్‌తో మళ్లీ కాంట్రాక్టు రాసుకోవాలా, లేక అతన్ని వేరే జట్టుకి ఇచ్చి బదులు ఇంకేదైనా తీసుకోవాలా (ట్రేడ్ అంటే అదే)? ఆటగాడు గొప్పవాడా కాదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. గొప్పవాడు కాకపోతే ఈ తలనొప్పే ఉండదు. అతనికి ఇవ్వాల్సింది ఇచ్చాక మిగతా 14 మందికి ఎంత మిగులుతుందో చూడాలి. అభిమానం కాసేపు పక్కన పెట్టి కాగితం, పెన్ను తీసుకోండి.

ముందు గీతలు గీయండి. 2025-26లో శాలరీ క్యాప్, అంటే జట్టు జీతాల మొత్తానికి లీగ్ గీసిన మొదటి గీత, 15.46 కోట్ల డాలర్లు. లగ్జరీ ట్యాక్స్ 18.79 కోట్ల దగ్గర మొదలవుతుంది. దానికి పైన ఏప్రన్ అనే గీతలు రెండు: ఫస్ట్ ఏప్రన్ 19.59 కోట్లు, సెకండ్ ఏప్రన్ 20.78 కోట్లు. ట్యాక్స్ వల్ల చిల్లు పడేది యజమాని జేబుకే. సెకండ్ ఏప్రన్ దాటితే మాత్రం జనరల్ మేనేజర్ చేతులు కట్టేసినట్టే. ట్రేడ్‌లో ఇద్దర్ని ఇచ్చి, వాళ్ల జీతాలు కలిపి లెక్కేసి ఒక పెద్ద ఆటగాణ్ని తెచ్చుకోవడం కుదరదు. ట్రేడ్‌లో నగదు పంపకూడదు. ఏడేళ్ల తర్వాతి ఫస్ట్ రౌండ్ పిక్‌ను, అంటే కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి విడత వంతును, అమ్ముకోవడానికీ వీల్లేదు.

తర్వాత స్టార్ ధర. అనుభవం ఆరేళ్ల వరకైతే గరిష్ఠ జీతం క్యాప్‌లో 25 శాతం, ఏడు నుంచి తొమ్మిదేళ్లైతే 30, పదేళ్లు నిండితే 35. ఆల్-ఎన్‌బీఏ (ఆ సీజన్ మేటి ఆటగాళ్ల జాబితా) లాంటి గుర్తింపు తగిన సంవత్సరాల్లో వచ్చి, ఆటగాడు ఆ జట్టులోనే ఎదిగినవాడైతే పదేళ్లు నిండకుండానే 35 శాతం ఇవ్వొచ్చు. సూపర్ మ్యాక్స్ అంటే ఇదే. 15.46 కోట్లలో 35 శాతం అంటే 5.41 కోట్లు. ఏటా పెంపు మొదటి ఏడాది జీతం మీద 8 శాతం. ఐదో ఏడుకి 7.14 కోట్లు, మొత్తం 31.39 కోట్లు. బోస్టన్ 2024 జులైలో జేసన్ టేటమ్‌తో రాయించుకున్న కాంట్రాక్టు సరిగ్గా ఇదే.

ఇక్కడ చాలామంది 7.14 కోట్ల అంకె చూసి గుండె పట్టుకుంటారు. చూడాల్సింది అంకె కాదు, క్యాప్‌లో దాని వాటా. క్యాప్ ఏటా 7 శాతం పెరిగితే ఐదో ఏట కూడా అతని వాటా 35 శాతం దగ్గరే ఉంటుంది. నిబంధనలు ఒప్పుకునే గరిష్ఠం, అంటే 10 శాతం చొప్పున పెరిగితే 32 లోపుకి దిగుతుంది. 3 శాతమే పెరిగితే 41కి ఎక్కి కూర్చుంటుంది. మూడు రకాలుగానూ వేసి చూడండి. నడి రకంలో, అంటే 7 శాతం దగ్గర కూడా లెక్క కుదరకపోతే సంతకం వైపు వెళ్లకండి.

ఇప్పుడు జట్టంతా ఒక వరసలో పెట్టండి. 2025 వేసవిలో బోస్టన్ కాగితం ఎలా ఉందో చూడండి: టేటమ్ 5.41, జేలెన్ బ్రౌన్ 5.31, హాలిడే 3.24, పోర్జింగిస్ 3.07, డెరిక్ వైట్ 2.81. ఐదుగురికే 19.84 కోట్లు. సెకండ్ ఏప్రన్‌కి 94 లక్షలే మిగిలాయి, ఇంకా పది మంది కావాలి. సీనియర్ ఆటగాడి కనీస జీతం జట్టు ఖాతాలో సుమారు 23 లక్షలు. పది మందినీ కనీస జీతానికే తెచ్చినా కుదరదు. అందుకే హాలిడే పోర్ట్‌ల్యాండ్‌కి, పోర్జింగిస్ అట్లాంటాకి వెళ్లిపోయారు. స్టార్‌ని ఉంచుకోవడమంటే మూడో, నాలుగో ఆటగాణ్ని వదులుకోవడం. వాళ్లు లేకుండా కూడా ఫైనల్స్ వైపు వెళ్లగలం అనిపిస్తేనే ఉంచుకోండి.

ఒంటి సంగతి వేరే కాగితం మీద రాయండి. గత మూడేళ్లలో సీజన్‌లోని 82 మ్యాచ్‌లలో ఎన్ని ఆడాడు, కాంట్రాక్టు చివరి ఏటికి వయసెంత, ఆట వేగం మీద నడుస్తుందా, షూటింగ్ మీదా? వేగం మీద బతికేవాడు ముందు తగ్గిపోతాడు. ఇంకో చిక్కు ఏంటంటే సంతకానికీ, కాంట్రాక్టు మొదలవడానికీ మధ్య ఖాళీ ఉంటుంది. జాన్ వాల్ 2017లో సంతకం చేశాడు. 2019లో, ఆ డబ్బు మొదలుకాకముందే, మడమ పైన ఎకిలీస్ నరం తెగింది. టేటమ్‌కీ 2025 మే ప్లేఆఫ్స్‌లో అదే నరం, అదే వరస.

ట్రేడ్ వైపు లెక్క కొనేవాళ్ల నుంచి మొదలవ్వాలి. ఫస్ట్ ఏప్రన్ పైనున్న జట్టు పంపిన జీతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. సెకండ్ ఏప్రన్ పైనున్నది ఇద్దర్ని కలిపి ఇవ్వకూడదు. ఐదున్నర కోట్ల జీతగాణ్ని నిజంగా కొనగలిగేవాళ్లు ఈ వడపోతలో వేళ్ల మీద మిగులుతారు. వాళ్లందరితోనూ మాట్లాడాలి. డాలస్ 2025 ఫిబ్రవరిలో లూకా డాన్చిచ్‌ను లేకర్స్‌కి ఇచ్చి ఆంథొనీ డేవిస్, మ్యాక్స్ క్రిస్టీ, 2029 నాటి ఒక్క ఫస్ట్ రౌండ్ పిక్ తీసుకుంది. వేలం పెట్టకుండా ఒకే గుమ్మం తొక్కితే వచ్చే ధర అది. డాలస్‌లో ఉండే తెలుగువాళ్లకు దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు.

దానికి ఎదురుగా 2019లో ఓక్లహోమా చేసిన పని పెట్టి చూడండి. పాల్ జార్జ్‌ని క్లిప్పర్స్‌కి ఇచ్చి, ఒక్క సీజనే ఆడిన షే గిల్జస్ అలెగ్జాండర్‌నీ, గాలినారినీ, ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లనీ, రెండు పిక్ స్వాప్‌లనీ (రెండు జట్ల పిక్‌లలో మెరుగైనది తీసుకునే హక్కు) రాబట్టింది. ఆ పిక్‌లలో ఒకటే 2022లో జేలెన్ విలియమ్స్ అయింది. 2025 టైటిల్ వీళ్లిద్దరి చేతుల మీదే వచ్చింది. పిక్‌లకు ధర కట్టేటప్పుడు మొదటి రెండేళ్లవి తక్కువగా వేయండి, ఎందుకంటే మీ స్టార్‌ వల్లే ఆ జట్టు బాగా ఆడి పిక్ చివరికి జారుతుంది. నాలుగేళ్ల తర్వాతివి, రక్షణ షరతుల్లేనివి (పిక్ మరీ ముందొస్తే ఇవ్వం అనే మెలిక లేనివి) అడగండి.

ఎప్పుడు అమ్మాలి? కాంట్రాక్టు ఇంకా రెండేళ్లు ఉండగా. ఏడాదే మిగిలితే కొనేవాడు అద్దె ధరే ఇస్తాడు. అసలే తేల్చకపోతే 2016లో కెవిన్ డ్యురాంట్ విషయంలో ఓక్లహోమాకి జరిగినట్టు కాంట్రాక్టు ముగిసి ఫ్రీ ఏజెంట్‌గా, అంటే నచ్చిన జట్టుకి, వెళ్లిపోతాడు, చేతికి ఏమీ రాదు. ఫిబ్రవరి ట్రేడ్ గడువుని ఆఖరి తేదీ అనుకుని, ఏజెంట్‌తో మాటలు ముందు వేసవిలోనే ముగించండి. సూపర్ మ్యాక్స్ ఎక్స్‌టెన్షన్ (కాంట్రాక్టు పొడిగింపు) ఇచ్చాక ఏడాది దాకా ట్రేడ్ చేయలేరని మర్చిపోవద్దు.

ఉంచుకోవాలనే తేలితే బేరంలో డబ్బు దగ్గర కాస్త వదులు ఇవ్వండి గానీ నో-ట్రేడ్ క్లాజ్ (ఆటగాడు ఒప్పుకోకుండా ట్రేడ్ చేయకూడదన్న షరతు) దగ్గర వద్దు. 2022లో వాషింగ్టన్ బ్రాడ్లీ బీల్‌కి 25.1 కోట్లతో పాటు అదీ ఇచ్చింది. ఏడాదికే పంపాల్సి వచ్చినప్పుడు ఎక్కడికెళ్లాలో బీలే తేల్చాడు. వాషింగ్టన్‌కి ఫీనిక్స్ నుంచి స్వాప్‌లూ, సెకండ్ రౌండ్ పిక్‌లూ వచ్చాయి గానీ నేరుగా ఒక్క ఫస్ట్ రౌండ్ పిక్ కూడా రాలేదు.