లోడర్ బకెట్టు మట్టం తెలిపే సూచిక: ఎవరికి అవసరం, ఎలా అమర్చుకోవాలి

ట్రాక్టర్‌కు ముందువైపు లోడర్ (మట్టి, ఎరువు ఎత్తే బకెట్టు, దాన్ని లేపే ఇనుప చేతులు) బిగించుకున్నవారికి మొదట్లో ఎదురయ్యే ఇబ్బంది, బకెట్టు అడుగు నేలకు సమంగా ఉందో లేదో సీటులోంచి తెలియకపోవడం. బానెట్టు, లోడర్ చేతులు కలిసి బకెట్టు ముందు అంచును మరుగుపరుస్తాయి. వేసవిలో ఎరువు దిబ్బల దగ్గర, చెరువు మట్టి తోలే చోట గమనిస్తే, డ్రైవర్ ఒక చేయి స్టీరింగ్ మీద, మరొక చేయి లివర్ మీద ఉంచి, సీటులోంచి సగం లేచి పక్కకు వంగి చూస్తూ ఉంటాడు. ఆ అవస్థ తప్పించడానికి వాడేదే మట్టం సూచిక. బకెట్టు వెనుక భాగానికి తగిలించిన ఒక సన్నని కడ్డీ, లోడర్ చేతి మీద బిగించిన చిన్న గొట్టంలో ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉంటుంది. కడ్డీ మీది రంగు గుర్తు గొట్టం మూతికి చేరినప్పుడు బకెట్టు అడుగు నేలకు సమంగా ఉందని అర్థం.

మట్టం తప్పితే నష్టం నేలను బట్టి మారుతుంది. అనంతపురం ఎర్రనేలల్లో బకెట్టు ముక్కు కొద్దిగా కిందికి వాలినా ఎరువుతోపాటు అడుగునున్న గులకరాళ్లు కూడా లేచి, చివరికి చీనీ తోటలోనో వేరుశనగ చేలోనో పడతాయి. తాడిపత్రి, కడప ప్రాంతాల్లో నాపరాళ్లు పరిచిన కళ్లం మీద అయితే అంచు బండల సందులో దిగి రాయినే పెకలిస్తుంది. కర్నూలు వైపు నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు ముక్కు దిగబడుతుంది. ఆ స్థితిలో లివర్‌తో ఇంకా కిందికి నొక్కితే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలి స్టీరింగ్ పట్టు పోతుంది. ముక్కు పైకి ఉంటే బకెట్టు నిండకుండా దిబ్బ మీదికి ఎక్కుతుంది.

ఒకే ట్రాక్టర్‌ను ఏళ్ల తరబడి నడిపే డ్రైవర్‌కు బకెట్టు వెనుక అంచు వాలును చూస్తేనే మట్టం తెలిసిపోతుంది కాబట్టి, అతనికి ఇది ఒక సౌకర్యం మాత్రమే. డ్రైవర్లు తరచూ మారే అద్దె ట్రాక్టర్లకు, ఏడాదికి కొద్ది రోజులే లోడర్ వాడే రైతులకు, పొద్దుగూకిన తర్వాత పని సాగించేవారికి, కళ్లం చదును చేసేవారికి మాత్రం దీనివల్ల నిజమైన మేలు ఉంది. ఖర్చు కూడా ఒక కడ్డీ, ఒక గొట్టం ముక్క, రెండు క్లాంపులను మించదు. ఇంత చిన్న పనికి ఎలక్ట్రానిక్ పరికరం కొనడం, ఆ దుమ్ములో, ఆ అదురులో, దండగేనని నా అభిప్రాయం.

అయితే ఈ సూచిక పరిమితి తెలియకుండా వాడితే ప్రమాదం. అది కొలిచేది బకెట్టుకూ లోడర్ చేతికీ మధ్య ఉన్న కోణాన్ని. నేలతో దానికి నేరుగా సంబంధం లేదు. బకెట్టు నేల మీద ఉన్నప్పుడు చేతి కోణం దాదాపు స్థిరం కాబట్టి లెక్క సరిపోతుంది. సాధారణ లోడర్‌లో చేతులు ఎంత కోణం పైకి లేస్తే బకెట్టు కూడా అంతే కోణం వెనక్కి వాలుతుంది. ట్రాలీ ఎత్తుకు లేపిన తర్వాత కూడా గుర్తు గొట్టం మూతి దగ్గరే కనిపిస్తూ ఉంటుంది గానీ, బకెట్టులోని మట్టి బానెట్టు మీదికీ డ్రైవర్ మీదికీ జారేంతగా వెనక్కి వాలి ఉండవచ్చు. కాబట్టి బకెట్టు నేల వదిలిన క్షణం నుంచి కడ్డీని చూడడం మాని బకెట్టునే చూడాలి. దానంతట అదే మట్టం నిలుపుకునే లింకులున్న లోడర్ అయితే, కడ్డీని బకెట్టు వంచే సిలిండర్ పొడవు కొలిచేలా, దానికి సమాంతరంగా అమర్చుకోవాలి.

అమర్చే ముందు నాలుగు టైర్లలో గాలి సరిచూసి, ట్రాక్టర్‌ను సిమెంటు నేల మీద నిలపాలి. ఆ నేల సమంగా ఉందో లేదో తాపీమేస్త్రి దగ్గర ఉండే రసమట్టంతో చూసుకుంటే చాలు. బకెట్టును దించి, అడుగు రేకు ముందు అంచు నుంచి వెనుక మడమ దాకా నేలను తాకేలా సరిచేసి, ఇంజన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేయాలి. లేపి ఉంచిన బకెట్టు కింద ఏ పనీ చేయకూడదు.

8 లేదా 10 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ సరిపోతుంది. దాని కింది కొనను బకెట్టు వెనుక, పైభాగంలో, బోల్టుతో కదిలేలా తగిలించి, పై కొనను డ్రైవర్ చూపు ఆనే చోట లోడర్ చేతికి యూ-క్లాంపుతో బిగించిన గొట్టంలోంచి పోనివ్వాలి. గొట్టం కూడా కొద్దిగా తిరగగలిగేలా ఉండాలి. లేకపోతే బకెట్టు తిరిగేటప్పుడు కడ్డీ వంగుతుంది. వెల్డింగ్ షాపువాళ్లు తొందరపెట్టినా సిలిండర్ మీద గానీ, లోడర్ చేతుల మీద గానీ వెల్డింగ్ చేయించవద్దు. నిప్పురవ్వ పడి సిలిండర్ రాడ్డు మీది నునుపు దెబ్బతింటే ఆయిల్ సీలు కోసుకుపోతుంది. తర్వాత గుర్తు పెట్టకముందే, ఎవరూ దగ్గర లేకుండా చూసుకుని ఇంజన్ స్టార్ట్ చేసి, బకెట్టును పూర్తిగా వెనక్కి, పూర్తిగా ముందుకు మెల్లగా తిప్పి, కడ్డీ హోస్ పైపులకు, హెడ్‌లైటుకు తగలడం లేదని, గొట్టంలోంచి ఊడి రావడం లేదని నిర్ధారించుకోవాలి.

మళ్లీ బకెట్టును సమంగా దించి, గొట్టం మూతి దగ్గర కడ్డీ చుట్టూ ఎర్ర టేపు చుట్టాలి. పొలంలో కాస్త దూరం గీకి చూసి, అంచు దిగబడుతుంటే టేపును కొద్దిగా జరపాలి. బకెట్టు అంచు అరిగినప్పుడు, పిన్నులు, బుష్‌లు మార్చినప్పుడు, ముందు టైర్లు కొత్తవి వేసినప్పుడు ఈ గుర్తును మళ్లీ సరిచూసుకోవాలి.