ఎండాకాలపు మంటలు, నేలమీది ఓజోన్: నల్లగొండ, పాలమూరు వాసులు తీసుకోవలసిన జాగ్రత్తలు

నేలకు దగ్గరగా ఉండి ఊపిరితిత్తులకు హాని చేసే ఓజోన్ వాయువు ఏ మంట నుంచీ నేరుగా వెలువడదు. వరి కొయ్యకాళ్లు, అడవిలోని ఎండుటాకులు కాలినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, ఇతర ఆవిర్లు తీవ్రమైన ఎండలో చర్య జరిపినప్పుడు అది పుడుతుంది. ఎల్ నినో ఏళ్లలో, అంటే పసిఫిక్ మహాసముద్రపు నీరు మామూలుకంటే వేడెక్కిన ఏళ్లలో, ఉష్ణమండలంలోని అనేక అడవులు ఎండిపోయి మంటలు పెరుగుతాయి. 1997లో ఇండోనేషియాలో పీట్ నేలలు (సగం కుళ్లిన మొక్కల పొరలతో ఏర్పడిన నేలలు) తగలబడినప్పుడు అక్కడి గాలిలో ఓజోన్ బాగా పెరిగింది. అందువల్ల ఎల్ నినో సూచన వెలువడిన ఏడాది నల్లమల అంచున ఉన్న అచ్చంపేట, అమ్రాబాద్ వాసులు ఫిబ్రవరి నుంచే అప్రమత్తంగా ఉండడం మంచిది.

అన్నిటికంటే ముఖ్యమైనది సమయం. ఓజోన్ మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో ఎక్కువగా ఉంటుంది కాబట్టి బరువు పనులు పొద్దున్నే ముగించుకోవాలి. మాస్కు ధూళిని ఆపుతుంది గానీ ఈ వాయువును ఆపలేదు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి ‘సమీర్’ యాప్‌లో గాలి నాణ్యతను కొలిచే దగ్గరి కేంద్రపు వివరాలు చూడవచ్చు. ఓజోన్‌కు ఎనిమిది గంటల సగటు మీద మన దేశపు పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. అది దాటిన రోజున ఆస్తమా ఉన్నవారిని, పిల్లలను మధ్యాహ్నం ఇంటిపట్టునే ఉంచండి.

యాసంగి కోతలయ్యాక హార్వెస్టర్ వదిలిన గడ్డిని బేలర్‌తో కట్టలు కట్టించి, మిగిలిన కొయ్యలకు నీరు పెట్టి, ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి రోటావేటర్‌తో కలియదున్నితే అవి మడిలోనే కుళ్లి ఎరువవుతాయి. ఓజోన్ ఆకుల రంధ్రాల గుండా చొరబడి పంట దిగుబడినీ తగ్గిస్తుంది గనుక, నిప్పు పెట్టకపోవడం రైతుకే మేలు.