ఆక్సీకరణమా, క్షయకరణమా: అర్ధ సమీకరణంలో తడబడే చోట్లు

విజయవాడలో ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. ఏటా పేపర్లలో ఇవే తప్పులు. లెక్కంతా సరిగ్గా చేసి, ఆక్సీకరణమా క్షయకరణమా అనే ఈ ఒక్క మాట దగ్గర మార్కులు పోగొట్టుకుంటుంటే ప్రాణం ఉసూరుమంటుంది. చర్యలో ఎలక్ట్రాన్లు వదిలే సగాన్నో, పుచ్చుకునే సగాన్నో విడిగా రాస్తే అదే అర్ధ సమీకరణం.

సమస్య: "జింక్ → జింక్ అయాన్ + 2 ఎలక్ట్రాన్లు". దీన్ని క్షయకరణం అని రాస్తారు.

కారణం: ఆ పేరే. క్షయం అంటే తరగడం, జింక్‌కి రెండు ఎలక్ట్రాన్లు తరిగాయి కదా అనుకుంటారు. ఇంగ్లీషు మీడియం పిల్లలు 'రిడక్షన్' దగ్గరా ఇలాగే పొరబడతారు. తరగాల్సింది ఎలక్ట్రాన్లు కాదు, ఆక్సీకరణ సంఖ్య (ఎలక్ట్రాన్లు పోతే పెరిగేది, వస్తే తగ్గేది).

పరిష్కారం: ముందు బాణం చూడండి. ఎలక్ట్రాన్లు కుడివైపుంటే వదిలేసినట్టు, ఆక్సీకరణం. ఎడమవైపుంటే పుచ్చుకున్నట్టు, క్షయకరణం. జింక్ కడ్డీని కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ముంచి ఉంచండి. నీలం వెలిసిపోతుంది, కడ్డీకి రాగి పట్టుకుంటుంది. జింక్ 0 నుంచి +2కి ఎక్కింది, రాగి +2 నుంచి 0కి దిగింది. ఆ దిగడమే క్షయం.

సమస్య: అసలు ఎలక్ట్రాన్లు ఏ వైపు రాయాలో తెలియదు.

పరిష్కారం: ఆవేశాలు కూడండి. ఆమ్ల యానకంలో (యాసిడ్ ద్రావణంలో) పర్మాంగనేట్ మాంగనీస్ అయాన్‌గా మారే చర్య చూడండి. పర్మాంగనేట్‌ది −1, 8 హైడ్రోజన్ అయాన్లది +8, ఎడమవైపు మొత్తం +7. కుడివైపు మాంగనీస్ అయాన్ +2, 4 నీటి అణువులకు సున్నా. +7 కాస్తా +2 కావాలంటే 5 ఎలక్ట్రాన్లు ఎడమవైపే చేరాలి. కాబట్టి క్షయకరణం.

సమస్య: ఆనోడ్ ధనమా, ఋణమా?

గుర్తును నమ్ముకోవద్దు, అది మారుతుంది. ఆనోడ్ దగ్గర జరిగేది మాత్రం ఎప్పుడూ ఆక్సీకరణమే, రెండో ధ్రువమైన కాథోడ్ దగ్గర క్షయకరణమే. డేనియల్ ఘటంలో (జింక్, రాగితో కరెంటు పుట్టించే ఘటం) ఆనోడ్ ఋణ ధ్రువం, విద్యుద్విశ్లేషణలో (బయటి నుంచి కరెంటు పంపి చర్య జరిపించేటప్పుడు) ధన ధ్రువం. మొన్న ముందు బెంచీ అమ్మాయి చేతికున్న బందరు రోల్డ్ గోల్డ్ గాజు చూపించే ఇది చెప్పాను. పూత పూసేటప్పుడు గాజును ఋణ ధ్రువానికి తగిలిస్తారు. ద్రావణంలోని బంగారం అక్కడ ఎలక్ట్రాన్లు పుచ్చుకుని గాజుకి అంటుకుంటుంది. అంటే గాజే కాథోడ్, జరిగింది క్షయకరణం.

సమస్య: ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ పట్టికలో (ఎలక్ట్రాన్లు పుచ్చుకునే మొగ్గును వోల్టుల్లో చెప్పేది) జింక్‌కి −0.76 వోల్టులు చూసి, మైనస్ ఉంది కనుక ఆ వరుస ఆక్సీకరణం అనుకోవడం.

కారణం: పట్టికలో అన్నీ క్షయకరణాలుగానే రాసి ఉంటాయి. తిరగరాస్తేనే ఆక్సీకరణం, అప్పుడు +0.76. రాగి +0.34 కలిపితే డేనియల్ ఘటానికి 1.10 వోల్టులు. సమీకరణాన్ని రెండుతో హెచ్చించినా వోల్టులను మాత్రం హెచ్చించకండి.