లక్సర్‌లో రాజుల సమాధులు, అధికారుల సమాధులు ఒకే రోజులో ఎలా చూడాలి

ఈజిప్టులోని లక్సర్ వెళ్ళినవాళ్ళు చాలామంది రాజుల లోయ ఒక్కటే చూసి వచ్చేస్తారు. నన్నడిగితే ఆ రాజుల దగ్గర పనిచేసిన పెద్ద అధికారుల సమాధులు కూడా అదే రోజు చూడాలి, ఎందుకంటే రెండూ పక్కపక్కన చూస్తేనే ఎవరు ఏం కోరుకుని చచ్చిపోయారో అర్థమవుతుంది. రెండూ నైలుకి పడమటి ఒడ్డునే ఉన్నాయి, సూర్యుడు అస్తమించే వైపు చనిపోయినవాళ్ళదని వాళ్ళ నమ్మకం.

పొద్దున్నే గేటు తీసేసరికి రాజుల లోయలో ఉండండి, ఎండ ముదిరాక కష్టం, పైగా టూర్ బస్సులు వచ్చేస్తాయి. లోయలో 60కి పైగా సమాధులున్నా అన్నీ తెరవరు, కొన్నిటిని మూసి వేరేవి తెరుస్తుంటారు. మామూలు టికెట్ మీద మూడే చూడనిస్తారు, టుటన్‌ఖామున్, 1వ సేతి లాంటి వాటికి విడిగా కొనాలి. అందుకని ఏవి తెరిచారో ముందు కనుక్కుని, ఆ మూడూ వేరువేరు కాలాలవి వచ్చేలా ఎంచుకోండి, దగ్గర్లో ఉన్నాయని ఒకేరకం మూడు చూడొద్దు.

పాతకాలం వాటిలో 3వ థుట్మోస్‌ది (కేవీ 34, కేవీ అంటే కింగ్స్ వ్యాలీ, పక్కన ఉన్నది సమాధి నంబరు) చూడండి, కొండ చీలికలోకి నిటారు మెట్లు ఎక్కి మళ్ళీ కిందికి దిగాలి, మోకాళ్ళ నొప్పులుంటే వద్దు. శవపేటిక గది కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, గోడల మీద బొమ్మలన్నీ సన్నటి గీతలే. తర్వాత కాలానికి 3వ రామెసెస్ (కేవీ 11) గానీ 4వ రామెసెస్ (కేవీ 2) గానీ చాలు, దారి వెడల్పు, రంగులు ఎక్కువ. హోరెమ్‌హెబ్‌ది (కేవీ 57) తెరిచి ఉంటే మాత్రం అస్సలు వదలొద్దు, పని మధ్యలో ఆగిపోయిన సమాధి అది, ఎర్ర రంగుతో ముందు గీసిన గీత, దాని మీద నల్ల రంగుతో చేసిన దిద్దుబాటు, పక్కనే సగం చెక్కిన రాయి అన్నీ అలాగే ఉన్నాయి, నిదానంగా చూస్తే పనివాళ్ళ చెయ్యి ఎలా కదిలిందో తెలుస్తుంది. టుటన్‌ఖామున్ గురించి చెప్పాలంటే, 1922లో పురావస్తు శాస్త్రవేత్త కార్టర్‌కి దొరికిన ఆ సామానులో రాతి శవపేటిక, మమ్మీ తప్ప దాదాపు ఏదీ ఇప్పుడు గదుల్లో లేదు, సమాధి చిన్నది, రంగులు వేసింది ఒక్క గదికే. ఎక్స్‌ట్రా డబ్బు ఒక్కదానికే పెట్టగలిగితే 1817లో ఇటలీ అన్వేషకుడు బెల్జోనీ కనిపెట్టిన సేతి సమాధికి పెట్టండి, అంత నాజూకు చెక్కుడు ఆ లోయలో ఇంకెక్కడా లేదు.

లోపల చూసేటప్పుడు గుమ్మం నుంచి వరసగా వెళ్ళండి. రాజు సమాధిలో గోడల మీద ముఖ్యంగా ఉండేది రాత్రి, సూర్యుడు పడవలో 12 గంటలు పాతాళంలో ప్రయాణించి, అపోఫిస్ అనే పాముని గెలిచి, తెల్లవారి మళ్ళీ పుట్టడం, రాజు కూడా ఆయనతోపాటే లేస్తాడన్నమాట. ఇల్లూ పొలమూ చాలావరకు కనిపించవు. రాత ఎటునుంచి చదవాలంటే, పక్షులూ మనుషులూ ఎటు చూస్తున్నాయో అటునుంచి మొదలు.

మధ్యాహ్నం అధికారుల సమాధులున్న షేక్ అబ్ద్ ఎల్ ఖుర్నా కొండకి రండి, దీనికి టికెట్ వేరు. ఇక్కడ మొత్తం తిరగబడిపోతుంది: పొలం కొలవడం, ద్రాక్ష తొక్కడం, విందులు, పాటగాళ్ళు! గుమ్మం దాటగానే అడ్డంగా ఒక హాలు, దాన్నుంచి లోపలికి పొడుగ్గా ఇంకోటి, శవాన్ని పెట్టింది మాత్రం కింద బావిలాంటి గుంటలో. అందరికన్నా పెద్దగా గీసి, భార్య పక్కన కూర్చుని ఉన్నాయనే చాలావరకు సమాధి యజమాని, అండాకారపు గీత లోపల రాసిన పేరు ఆయనది కాదు, ఆయన కొలిచిన రాజుది. మెన్నా అనే అధికారి సమాధిలో ఆయన బొమ్మకి కళ్ళు చెక్కేశారు, ఎవరో పగబట్టి చేసిందే అనిపిస్తుంది. రెఖ్‌మిరె వజీరు, అంటే రాజు కింద ముఖ్యమంత్రి లాంటివాడు, ఆయన సమాధిలో లోపలికి పోయేకొద్దీ పైకప్పు ఎత్తు పెరుగుతుంది, సిరియా వాళ్ళు ఎలుగుబంటినీ ఏనుగునీ కప్పంగా తెచ్చే బొమ్మ, ఇటుకలు చేసేవాళ్ళ బొమ్మ రెండూ వెతకండి.

టైమ్ లేక ఒక్కటే చూడాల్సి వస్తే రామోస్‌ది చూడండి. ఈయన కూడా వజీరే, 3వ అమెన్‌హొటెప్ చివరి రోజుల్లో, ఆయన కొడుకు అఖెనాటెన్ మొదటి రోజుల్లో పనిచేశాడు. విందు బొమ్మల్లో రంగు లేదు, కళ్ళకి మాత్రం నల్ల గీత, జుట్టు పాయలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. తర్వాత వెనక గోడ ముందు నిలబడండి: ఎడమ పక్క కొత్త రాజు పాత పద్ధతిలో సింహాసనం మీద ఉంటాడు, కుడి పక్క అదే రాజు తన రాణి నెఫర్టిటితో కిటికీలో, పైన అటెన్ (పాత దేవుళ్ళని పక్కనపెట్టి ఈ రాజు కొలిచిన సూర్యబింబం) కిరణాలతో, పూర్తిగా కొత్త శైలిలో. దేశం మతం మారిపోవడం ఒకే గోడ మీద ఇంత స్పష్టంగా ఇంకెక్కడ దొరుకుతుంది?

ఫ్లాష్ వద్దు, గోడ తాకొద్దు, వీపున బ్యాగు ఉంటే ముందుకి తిప్పుకోండి. మన ఊపిరి తేమకే రంగులు పాడవుతున్నాయి కాబట్టి చూడటం అయ్యాక లోపల కబుర్లు చెప్పకుండా బయటికి వచ్చేయండి. ఇంకా ఓపికుంటే దేర్ ఎల్ మదీనా దగ్గరే, రాజుల సమాధులు తొలిచిన పనివాళ్ళ ఊరు అది, అక్కడ సెన్నెజెమ్ తన కోసం కట్టుకున్న చిన్న గది తెరిచి ఉందేమో అడగండి.