హైదరాబాదు నుంచి విశాఖకు, తింటూ వెళ్లే దారి

విశాఖపట్నంలో ఏళ్ల తరబడి కాపురముండి, తర్వాత ఉద్యోగరీత్యా హైదరాబాదుకు చేరిన కుటుంబాలు మళ్లీ ఆ ఊరు చూడాలనిపించినప్పుడు సాధారణంగా రాత్రి రైలెక్కి తెల్లవారాక దిగిపోతుంటాయి. కారులో వెళ్లదలచినవారికి విజయవాడ మీదుగా సుమారు 620 కిలోమీటర్ల దారి ఉంది. ఒక్క రోజులో చేరడం సాధ్యమే గానీ, తినడమే ప్రధానమనుకున్నవారు రెండు రోజులు పెట్టుకుని, రాత్రికి రాజమహేంద్రవరంలో బస చేయడం మేలు.

ముందుగా నిర్ణయించుకోవలసింది ఏ నెలలో వెళ్లాలన్నది. పిల్లల సెలవులను బట్టి వేసవిలో బయలుదేరితే హనుమాన్ జంక్షన్ పరిసరాల్లో నూజివీడు రసాలు, రోడ్డు పక్కన తాటి ముంజలు దొరుకుతాయి. కానీ తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం కాబట్టి, విశాఖలో చేపల కోసమే వెళ్లేవారికి ఆ రెండు నెలలూ నిరాశే మిగులుతుంది. గోదావరికి ఎర్రనీరు వచ్చే జులై, ఆగస్టు నెలల్లో పులస ఆశ ఉంటుంది గానీ, ధర విన్నాక ఆ ఆశ చాలామందికి అక్కడే ఆవిరైపోతుంది. పైగా పులస పేరుతో సముద్రపు ఇలసను అంటగట్టేవారూ ఉంటారు కనుక, తెలిసినవారు తోడు లేకుండా కొనకపోవడం మంచిది. అన్నిటికంటే నేను డిసెంబరు, జనవరి నెలలనే ఎంచుకుంటాను. ఎండ బాధ ఉండదు, తేగలు కట్టలు కట్టలుగా కనిపిస్తాయి, సముద్రంలో వేటా సాగుతుంటుంది.

తెల్లవారుజామున నాలుగింటికి హైదరాబాదు దాటితే తొమ్మిది ప్రాంతానికి విజయవాడ చేరవచ్చు. మధ్యలో సూర్యాపేట దగ్గర టీతో సరిపెట్టుకుని, ఆకలిని గాంధీనగర్ బాబాయ్ హోటల్ ఇడ్లీ కోసం దాచుకోవాలి. వెన్న వేసుకుని తినే ఆ ఇడ్లీ ఒక్కటి ఎక్కువైనా తర్వాతి ప్రయాణమంతా కునుకుపాట్లే గనుక, బండి నడిపేవారు మాత్రం మితంగా తినాలి.

ఈ ప్రయాణంలో అసలైన నిర్ణయం ఏలూరు దాటాక గుండుగొలను దగ్గర ఎదురవుతుంది. ఇప్పటి 16వ నంబరు జాతీయ రహదారి అక్కడి నుంచి దేవరపల్లి, కొవ్వూరు మీదుగా గోదావరి దాటి రాజమహేంద్రవరం దగ్గరి దివాన్‌చెరువు వైపు పోతుంది. ఆ దారి వేగవంతమైనదే గానీ, తినడానికి వెళ్లేవారికి అందులో దొరికేది తక్కువ. తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా పోయే పాత రోడ్డు ఇప్పుడు 216ఎ జాతీయ రహదారి. ఫోనులోని మ్యాపు తక్కువ సమయం పట్టే దారినే చూపుతుంది కాబట్టి, రావులపాలేన్ని మజిలీగా ముందే పెట్టుకోవాలి. సిద్ధాంతం దగ్గర గోదావరి పాయ అయిన వశిష్ఠను దాటి, అరటి గెలల మార్కెట్టుకు పేరుపడ్డ రావులపాలెం చేరాక, లొల్ల లాకుల మీదుగా ఆత్రేయపురం వెళ్లవచ్చు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకులను అక్కడి ఆడవాళ్లు బోర్లించిన కుండ మీద పలుచగా కలిపిన బియ్యప్పిండిలో తడిపిన గుడ్డను పరిచి తీస్తుంటే చూడటానికే ఒక గంట పెట్టుకోవచ్చు. వెళ్లేటప్పుడు అక్కడికక్కడ తినడానికి మాత్రమే కొని, ఇంటికి తీసుకెళ్లేవి తిరుగు ప్రయాణంలో కొనుక్కోవాలి. తీపి మీద ఇంకా మోజున్నవారు మండపేట వైపు తిరిగి తాపేశ్వరం మడత కాజా తినవచ్చు, కానీ ఒకే పూట రెండూ తింటే దేని రుచీ తెలియదు.

రాజమహేంద్రవరంలో సాయంత్రం కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్, రాత్రికి తేలికపాటి టిఫిను చాలు. మర్నాడు అన్నవరంలో ఆకులో కట్టి ఇచ్చే ప్రసాదం వేడిగా ఉండగానే తినాలి.

విశాఖలో అడుగుపెట్టాక చాలామంది కొత్తగా పేరుపడ్డ హోటళ్ల జాబితా పట్టుకుని తిరుగుతారు. ఒకప్పుడు అక్కడ బతికినవారికి ఆ జాబితాతో పని లేదని నా అభిప్రాయం. ఏ రోజు ఏం తినేవాళ్లమో ఇంటిల్లిపాదీ కూర్చుని బయలుదేరకముందే రాసుకోవాలి: బడి వదిలాక పిల్లలు కొనుక్కున్న పునుగులు, బీచిలో నిమ్మకాయ పిండి ఇచ్చే మురీ మిక్చర్, పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చుకున్న పనసపొట్టు. ఆ బండ్లూ కొట్లూ ఉన్నాయో లేదో పాత ఇరుగుపొరుగుకు ముందే ఫోను చేసి కనుక్కోవాలి. లేకపోతే ఊళ్లో సగం సమయం వెతకడానికే పోతుంది. అలా ఫోను చేసినప్పుడు ఎవరో ఒకరు భోజనానికి పిలవకుండా ఉండరు కాబట్టి, కనీసం ఒక మధ్యాహ్నం ఖాళీగా అట్టిపెట్టుకోవాలి. బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు, ఆవ పెట్టిన కూర హోటల్లో అడిగితే దొరికేవి కావు. వాళ్లకు హైదరాబాదు నుంచి ఉస్మానియా బిస్కెట్లు తీసుకెళ్లడం మరవకూడదు.

చేపల రేవుకు సూర్యోదయానికల్లా వెళ్లాలి. కోనాం, చందువ వంటివి ఖరీదైనా పెద్దవాళ్ల కోసం కొని, కవళ్లు, నెత్తళ్లు వేపుడుకు తీసుకోవడం ఒక పద్ధతి. అక్కడే శుభ్రం చేసి ముక్కలు కొట్టి ఇచ్చే ఆడవాళ్లు ఉంటారు. వండటానికి మాత్రం చుట్టాల ఇంటి వంటగదో, వంటసామాన్లున్న బసో ముందే చూసుకోవాలి.

తిరుగు ప్రయాణంలో అనకాపల్లిలో బెల్లమూ, గోధుమ పాలతో చేసే మాడుగుల హల్వానూ, చివరగా ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కోవాలి. హల్వా దారి కుదుపులకు చెడదు. పూతరేకులు మాత్రం గాలి తగిలితే మెత్తబడతాయి, బరువు పడితే పొడైపోతాయి కనుక మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో పెట్టి, సామానంతా సర్దాక అన్నిటికంటే పైన ఉంచాలి. ఎండుచేపలు కొన్నట్లయితే వాటిని రెండు పొరల కవరులో చుట్టి, డిక్కీలో ఈ డబ్బాకు దూరంగా సర్దాలి.